జ్వరం తగ్గింది కదా అని మాత్రలు మానేయొద్దు!

చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే దారిలో మలేరియా పేరు వినని ఇల్లు ఉండదేమో. వణుకుతో వచ్చిన జ్వరం నాలుగు రోజులు మాత్రలు వేసుకోగానే తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని నిద్రపోతుంది. వారాలకో, నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తుంది. దాన్ని చంపడానికే 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. ఒంట్లో బాగున్నాక అన్ని రోజులు ఎవరు మింగుతారు చెప్పండి? పైగా జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్నవాళ్లకి ఈ మందుతో ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది.

మందుని నేరుగా కాలేయానికే పంపితే? అందుకు పనికొచ్చేవే లైపోజోమ్‌లు. 1960ల్లో బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ బాంగమ్ గుర్తించిన అతి చిన్న కొవ్వు బుడగలివి. మందు నింపి రక్తంలోకి ఎక్కిస్తే, వాటిలో చాలావాటిని కాలేయమే పట్టేసుకుంటుంది. అడ్రస్ రాసిన పార్సిల్ అన్నమాట! 1980లలో ఎలుకలకి ప్రైమాక్విన్‌ని ఇలా ఇస్తే దుష్ప్రభావం తగ్గింది.

కానీ పార్సిల్ వీధిదాకా వస్తే చాలదు, గుమ్మందాకా రావాలి. బుడగల్ని ఎక్కువగా మింగేది కాలేయంలోని కాపలా కణాలు. క్రిమి దాక్కునేది వేరే కణాల్లో. పైగా ఇది సూదిమందు. కొండమీది ఊళ్లకి మాత్రే సులువు.

అందుకే ఇప్పటికి మన దగ్గర మామూలుగా ఇచ్చేది ఆ 14 రోజుల మందే. డాక్టర్ని అడిగి జీ6పీడీ పరీక్ష చేయించుకోండి. రాసిచ్చిన మాత్రలు చివరిదాకా వేసుకోండి.