పదిహేను వందలు ఎక్కువైన నేరానికి

గ్రామ సచివాలయం గోడ మీద పథకం జాబితా అతికించిన రోజున పల్లెలో ఒకే ప్రశ్న ఇంటింటా తిరుగుతుంది: ‘మీ పేరు ఎందుకు పోయింది?’ జవాబు ఒక్కోసారి కరెంటు మీటరు. ఒక్కోసారి ఎవరిదో కారు తన ఆధార్‌కు తగులుకోవడం. ఒక్కోసారి కంటితో ఎన్నడూ చూడని పొలం. ఇవన్నీ పొరపాట్లు. అర్జీ పెట్టుకుని నాలుగుసార్లు తిరిగితే కొన్నయినా సరిదిద్దుతారు. ఈ వ్యాసం పొరపాట్ల గురించి కాదు. నిబంధన అక్షరం పొల్లుపోకుండా అమలైనప్పుడు జరిగే అన్యాయం గురించి. ఇంట్లో ఒక మనిషి, ఎక్కువగా ఒక స్త్రీ, చిన్నపాటి ఉద్యోగంలో చేరినందుకు ఆ కుటుంబం చేరకముందుకంటే బీదదైపోవడం గురించి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి సంక్షేమ పథకాలన్నిటికీ ముందు ఆరంచెల పరిశీలన అనే జల్లెడ ఉంది. కుటుంబ ఆదాయం గ్రామంలో నెలకు 10,000, పట్టణంలో 12,000 రూపాయలు మించకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి. నాలుగు చక్రాల సొంత వాహనం ఉండరాదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు. ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను చెల్లించేవారై ఉండకూడదు. ప్రభుత్వ ఉద్యోగిగానీ పింఛనుదారుగానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు. పట్టణాల్లో ఇంటి విస్తీర్ణం మీద కూడా ఒక పరిమితి ఉంది. 2024లో ప్రభుత్వం మారింది, పథకాల పేర్లు మారాయి. 2025లో తల్లికి వందనం వచ్చినప్పుడు కూడా పదివేలు, పన్నెండువేలు అనే ఆ రెండు గీతలు ఉన్నచోటనే ఉన్నాయి. ఆరేళ్లలో బియ్యం ధర మారింది, నూనె ధర మారింది, ఆటో చార్జీ మారింది. పేదరికం గీత మాత్రం కదలలేదు.

ఈ గీత ఎలా పనిచేస్తుందో ఒక ఇంటి లెక్కతో చూద్దాం. 2019 జూలై నుంచి రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్త గౌరవ వేతనం 11,500 రూపాయలు. ఎస్సీ కులానికి చెందిన 46 ఏళ్ల కార్యకర్త ఒకరు పల్లెలో ఉన్నారనుకుందాం. చిన్న కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. భర్త కూలికి ఏ రికార్డూ లేదు గనుక దాన్ని పక్కన పెడదాం. ఆమె వేతనం గ్రామ పరిమితిని 1,500 రూపాయలు దాటింది, అంటే ఏడాదికి 18,000. ఆ కాలంలో అమ్మఒడి కింద తల్లి చేతికి వచ్చేది 13,000. నలభై అయిదేళ్లు నిండిన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ స్త్రీలకు చేయూత కింద ఏడాదికి 18,750. రెండూ కలిపితే 31,750. పద్దెనిమిది వేలు ఎక్కువ సంపాదించినందుకు ఆమె ముప్పై ఒక్క వేలు పోగొట్టుకుంది. ఆ వేతనం సరిగ్గా పదివేల దగ్గర ఆగిపోయి ఉంటే ఆ ఇల్లు ఏడాదికి 13,750 రూపాయలు మెరుగ్గా ఉండేది. మరొక వింత కూడా ఉంది. అదే పని, అదే 11,500 వేతనంతో పట్టణంలో చేసే ఆమె తోటి కార్యకర్త పన్నెండువేల గీతకు లోపలే ఉంది! ఆదాయం గడి వరకైతే ఒకరు పేద, ఒకరు కాదు. మధ్యలో ఉన్నది ఊరి పొలిమేర ఒక్కటే.

అదే ఇంట్లో అత్తగారికి వృద్ధాప్య పింఛను దరఖాస్తు చేయాల్సి వస్తే లెక్క ఇంకా బరువెక్కుతుంది. 2024 నుంచి ఆ పింఛను నెలకు 4,000, ఏడాదికి 48,000. ముసలామె అర్హతను తూచేది ఆమె సంపాదనతో కాదు, కోడలి సంపాదనతో. కోడలు ఉద్యోగంలో చేరడం వల్ల అత్త పింఛనుకు అడ్డం పడితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఏ అధికారీ వచ్చి చూడడు.

ఆదాయం గడి దాటినవారిని పట్టుకోవడానికి ‘ప్రభుత్వ ఉద్యోగి’ అనే మరో గడి కాచుకుని ఉంటుంది. ఇక్కడ రాజ్యం ఆడే రెండు నాలుకల మాట వినాలి. 1975లో ఐసీడీఎస్ మొదలైన నాటి నుంచి కేంద్రం అంగన్‌వాడీ స్త్రీలను ఉద్యోగులుగా ఒప్పుకోలేదు. వారు స్థానిక సమాజం నుంచి వచ్చి పార్ట్‌టైమ్‌గా సేవచేసే స్వచ్ఛంద కార్యకర్తలు, వారికి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అన్నదే దాని వాదన. వారివి సివిల్ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. 2022 ఏప్రిల్‌లో గ్రాట్యుటీ కేసులో అదే కోర్టు మరో మాట చెప్పింది: వారిమీద మోపిన బాధ్యతలు చూస్తే దీన్ని పార్ట్‌టైమ్ పని అనడం కుదరదని. ఆ మాటకు తగ్గ జీతం మాత్రం ఇంతవరకు రాలేదు. అంటే జీతం అడిగితే ఆమె పార్ట్‌టైమ్ సేవకురాలు. పథకం అడిగితే ప్రభుత్వ ఉద్యోగి. ఏ వైపు తిప్పినా నష్టం ఆమెకే వచ్చేటట్లు ఒకే మనిషికి రెండు పేర్లు పెట్టారు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులపాటు రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మె చేసినప్పుడు వేతనం, గ్రాట్యుటీలతోపాటు ‘మాకూ సంక్షేమ పథకాలు వర్తింపజేయండి’ అన్నది కూడా వారి డిమాండ్లలో ఒకటి. దానికి ప్రభుత్వం ఇచ్చిన తొలి జవాబులలో 2024 జనవరి 6న ప్రయోగించిన ఎస్మా ఒకటి. స్వచ్ఛంద సేవకురాలి మీద అత్యవసర సేవల చట్టం!

ఇందులో కులం ఎక్కడుందని అడిగేవారుంటారు. గీత అందరికీ ఒకటే కదా అంటారు. గీత ఒకటే. కానీ ఆ గీతకు కనబడే ఆదాయం అందరికీ ఒకటి కాదు. దళిత కుటుంబాల్లో అధికభాగానికి భూమి లేదు. వాడలో స్త్రీకి కూలి కాక మరొక సంపాదన మార్గం తెరుచుకుంటే అది చాలాసార్లు ప్రభుత్వం తలుపే: హాస్టల్లో ఆయా, బడిలో వంటమనిషి, ఆస్పత్రిలో స్వీపరు, ఆశా కార్యకర్త, ఏదో కార్యాలయంలో అవుట్‌సోర్సింగ్ అటెండరు. మధ్యాహ్న భోజనం వంటమనుషుల నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా ఈ తలుపు ఎంత విలువైనదో తెలిసే. అయితే ఈ తలుపు గుండా వచ్చే ప్రతి రూపాయీ ఆధార్‌తో, బ్యాంకు ఖాతాతో, ట్రెజరీ బిల్లుతో ముడిపడి వస్తుంది. ఒక్క నెల ఆలస్యమైనా కంప్యూటరు దాన్ని మరచిపోదు. అదే ఊళ్లో తొమ్మిదెకరాల మెట్టలో మిరప వేసే రైతు ఆదాయం ఏ రికార్డులోనూ లేదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనుక ఆ గడీ ఖాళీయే. నోటిమాట కౌలు మీద వచ్చే డబ్బు, వడ్డీకి తిప్పే డబ్బు, పట్నంలో కొడుకు చేతికిచ్చే డబ్బు దేనికీ జాడ ఉండదు. ఆ రైతుకు పథకం ఇవ్వవద్దని నేననడం లేదు. మిరప ధర పడిపోయిన ఏడాది అతని స్థితి ఏమిటో అందరికీ తెలుసు. ఎవరి ఆదాయం చీకట్లో ఉంటుంది, ఎవరిది దీపం కింద ఉంటుంది అనేది కులం, భూమి కలిసి నిర్ణయించిన సంగతి అంటున్నాను, అంతే.

ఇక పారిశుద్ధ్య కార్మికుల మినహాయింపు. అది న్యాయమైనది, ఉండి తీరవలసినది. మాదిగ, రెల్లి తదితర కులాల వారు తరతరాలుగా మోస్తున్న పనికి అది కనీస గుర్తింపు. వారి జీతం గీత దాటినా పథకం ఆగదు. అంటే గీత దైవలిఖితం కాదని, అవసరమైతే పక్కకు జరపవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు. కానీ దాని అంచున ఏం జరుగుతుందో చూడండి. మున్సిపాలిటీలో చెత్త ఊడ్చే తల్లికి పథకం ఉంటుంది. డిగ్రీ చదివిన ఆమె కూతురు అదే మున్సిపాలిటీలో అవుట్‌సోర్సింగ్ మీద కంప్యూటరు ఆపరేటరుగా చేరిందంటే, జీతం తల్లి జీతానికి అటూఇటూగానే ఉన్నా, ఆ ఇల్లు మొత్తం జల్లెడ కిందికి జారిపోతుంది. చీపురు పట్టినంతకాలం చేయూత, కీబోర్డు ముట్టిన రోజున కోత. ఎవరూ ఇలా జరగాలని కోరుకుని రాసి ఉండరు. కానీ నిబంధన చెబుతున్నది మాత్రం ఇదే: కులవృత్తిలో ఉంటే ఆదుకుంటాం, దాటి ఒక మెట్టు ఎక్కితే చేయి వదిలేస్తాం. మినహాయింపును పనికి కాకుండా జీతం స్థాయికి కట్టి ఉంటే ఈ వికృతం వచ్చేది కాదు.

పేదరికాన్ని ఉదారంగా కొలవడం రాజ్యానికి చేతకాదా అంటే, చేతనవుతుంది. 2019లో రాజ్యాంగ సవరణతో అగ్రవర్ణాల్లోని ఆర్థికంగా బలహీన వర్గాలకు రిజర్వేషన్ తెచ్చినప్పుడు కుటుంబ ఆదాయ పరిమితిని ఏడాదికి 8 లక్షలుగా పెట్టారు. నెలకు 66 వేలు సంపాదించే కుటుంబం కూడా అక్కడ బలహీనమే. ఎస్సీ విద్యార్థి పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పుకు కేంద్రం పెట్టిన పరిమితి రెండున్నర లక్షలు. ఒకటి రిజర్వేషన్, మరొకటి నగదు సాయం, రెండూ ఒకే తూకానికి రావని తెలుసు. అయినా తేడా మాట్లాడుతుంది. తండ్రి సెక్యూరిటీ గార్డుగా 14 వేలు, తల్లి సగం రోజు పనికి 7 వేలు తెచ్చే ఇంట్లో ఏడాది ఆదాయం 2,52,000. ఆ రెండు వేల కోసం కూతురి ఇంజనీరింగ్ ఫీజు మొత్తం ఇంటి మీద పడుతుంది. తల్లి పని మానేస్తే ఫీజు నిలుస్తుంది. వెనుకబడిన తరగతుల సంపన్నశ్రేణిని లెక్కించే ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరాదని 1993 నాటి ఉత్తర్వే ఉంది. జీతాన్ని పక్కన పెట్టి చూడటం మనకు కొత్త విద్య ఏమీ కాదు.

తెలంగాణలో గీతలు వేరు, కథ అదే. రేషన్ కార్డుకు పరిమితి గ్రామంలో ఏడాదికి లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. అక్కడ అవుట్‌సోర్సింగ్‌లో అట్టడుగు జీతం 15,600, ఏడాదికి 1,87,200. గ్రామ హాస్టల్లో ఆ జీతానికి చేరిన ఆయా ఇంటికి కార్డు హక్కు పోతుంది, పట్నంలో ఉంటుంది. కార్డు పోతే పోయేది సన్నబియ్యం ఒక్కటే కాదు. దానికి ముడిపెట్టిన 200 యూనిట్ల ఉచిత కరెంటు, 500 రూపాయల గ్యాసు బండ కూడా.

ఇలాంటి గీత ముందు నిలబడ్డ మనిషి ఏం చేస్తుంది? ఉద్యోగం వద్దంటుంది. లేదా ‘పీఎఫ్ వద్దు, ఖాతాలో వేయొద్దు, చేతికివ్వండి’ అంటుంది. ఈ రెండో మాట కాంట్రాక్టరు చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. రికార్డు లేని పనిలో కనీస వేతనం అడగలేం, ప్రమాదం జరిగితే పరిహారం అడగలేం. పథకం కాపాడుకోవడానికి కార్మికురాలు తన హక్కును తానే చింపేసుకుంటుంది. తర్వాత ఎవరో విశ్లేషకుడు టీవీలో కూర్చుని, పథకాల వల్ల జనం సోమరులవుతున్నారు, పనికి రావడం లేదు అంటాడు. పనికి వస్తే శిక్ష వేసే నిబంధన గురించి మాట్లాడడు.

పరిమితులే వద్దని ఎవరూ అనడం లేదు. గీత దాటగానే మొత్తం ఊడిపోవడం ఎందుకన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో సంక్షేమ భృతి తీసుకునేవారు పనిలో చేరితే, సంపాదించిన ప్రతి పౌండుకూ 55 పెన్నీలు భృతిలో తగ్గుతాయి. పని చేసినవారి చేతిలో ఎప్పుడూ కొంత మిగులుతుంది. బ్రెజిల్ 2023లో బోల్సా ఫమీలియా పథకాన్ని పునరుద్ధరించినప్పుడు, ఆదాయం పరిమితి దాటిన కుటుంబానికి ఒక హద్దు వరకు రెండేళ్లపాటు సగం సొమ్ము ఇచ్చే ఏర్పాటు చేసింది. తర్వాత ఆ గడువును తగ్గించినా పద్ధతిని వదల్లేదు. మన దగ్గర ఇంతకంటే తేలికైన పనులే చాలు. పరిమితిని ధరలతోపాటు ఏటా పెంచడం. గౌరవ వేతనాన్ని, అవుట్‌సోర్సింగ్ జీతాన్ని ఒక స్థాయి వరకు లెక్కలోంచి తీసేయడం. ముసలివారి పింఛనును కొడుకు, కోడళ్ల సంపాదన నుంచి విడదీయడం. గీత దాటిన ఇంటికి కనీసం రెండు విద్యా సంవత్సరాలు గడువు ఇవ్వడం. గౌరవ వేతనంతో పనిచేసేవారిని ‘ప్రభుత్వ ఉద్యోగి’ గడిలోంచి తప్పించడానికైతే చట్టం మార్చనవసరం కూడా లేదు, ఒక జీవో చాలు.

జూన్‌లో బడులు తెరుస్తారు. సచివాలయం గోడ మీద మళ్లీ జాబితా వస్తుంది. ఈలోగా ఎక్కడో ఒక హాస్టల్లో ఆయా పోస్టు ఖాళీ పడుతుంది. వాడలో ఒక తల్లి దరఖాస్తు ఫారం ముందు పెట్టుకుని, జీతం ఒకవైపు, పోయేవన్నీ మరొకవైపు రాసుకుని కూడిక వేసుకుంటూ ఉంటుంది.