రాజధాని చూచిన కన్ను

వరంగల్లు, జనగామ, భువనగిరి వైపుల నుండి హైదరాబాదు చూడవచ్చే విద్యార్థులకు నగరద్వారం ఉప్పల్. తెల్లవారుజామున బయలుదేరిన బస్సు ఉప్పల్ కూడలి చేరగానే పిల్లలందరూ కిటికీల వద్దకు చేరుతారు. చార్మినారు ఎప్పుడు కనబడుతుందా అని వారి ఆరాటం. సాయంకాలం అదే దారిన బస్సు తిరిగి వెళ్ళునప్పటికి చార్మినారు, గోలకొండ, హుస్సేన్‌సాగరు, శాసనసభా భవనం వందలకొలది చిత్రాలుగా సెల్‌ఫోనులలో నిండి ఉంటాయి. ప్రతి చిత్రంలోను కట్టడం వెనుక, మనిషి ముందు. ముఖాలు మారుతాయి, తక్కినదంతా ఒక్కటే.

ఇందులో తప్పు పట్టవలసినది లేదు. ప్రఖ్యాతమైన కట్టడం ముందు నిలిచి, తానును అచ్చటికి వచ్చినానని చెప్పుకొనుట మానవసహజం. పూర్వం కాశికి పోయినవారు చెంబులో గంగ తెచ్చుకొన్నట్లే నేటివారు చిత్రం తెచ్చుకొంటారు. అయితే విహారయాత్ర కూడ విద్యలో భాగమని భావించే ఉపాధ్యాయులు ఒక్క ప్రశ్న వేసుకొనవలసి ఉన్నది: ఆ చిత్రం తీసిన బాలుడు ఆ కట్టడాన్ని చూచినాడా?

హైదరాబాదు కట్టడాలను లోకానికి చూపినవారిలో అగ్రగణ్యుడు రాజా దీనదయాళ్ (1844–1905). మీరటు సమీపాన గల సర్ధనాలో జన్మించిన ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరు ప్రజాపనుల శాఖలో నక్షాలు గీచే ఉద్యోగంలో ఉండగా ఛాయాచిత్రకళను అభ్యసించినాడు. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పినాడు. ఆనాటి పెద్ద కెమెరా జేబులో వేసుకొని తిరుగదగినది కాదు. దానిని ముక్కాలిపై నిలిపి, నల్లగుడ్డ తలపై కప్పుకొని, అద్దంపై తలక్రిందులుగా పడిన బింబాన్ని సరిచూచుకొని, ఆ పిమ్మట గాజుపలకను అమర్చి చిత్రం తీయవలెను. ఒక్కొక్క పలక బరువైనది, ఖరీదైనది, చేయి జారినచో పగిలిపోవునది. అందుచేత ఎండ ఏ వేళకు ఏ గోడపై పడునో, ఎచ్చట నిలిచినచో మినార్లు ఒకదానినొకటి కప్పివేయక కనబడునో ముందుగా తెలిసికొనక తప్పదు. చూచుట ముందు, తీయుట తరువాత. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించినది.

పాత చిత్రం విలువ దాని అందంలోనే లేదు. చార్మినారు 1591లో నిర్మితమైనది. దాని నాలుగు దిక్కులా గడియారాలను అమర్చినది మాత్రం 1889లో. కాబట్టి గడియారం లేని చార్మినారు చిత్రం ఎవరి చేతికైన చిక్కినచో, అది ఆ సంవత్సరానికి ముందటిదని ఏడవ తరగతి విద్యార్థి కూడ చెప్పగలడు. అట్లే హుస్సేన్‌సాగరు నడుమ బుద్ధవిగ్రహం కనబడని చిత్రం 1992 డిసెంబరుకు ముందటిది. 1990 మార్చిలో తరలించునప్పుడు ఆ విగ్రహం నీట మునిగి, రెండేండ్లకు పైగా అడుగుననే ఉండి, ఆ తరువాత పైకి తీయబడి పీఠంపై నిలిచినది. చిత్రకారుడు తెలిసి చెప్పినదానికంటె తెలియక చెప్పినదే ఒక్కొక్కప్పుడు చరిత్రకు ఎక్కువ ఉపకరిస్తుంది.

ఆ బుద్ధవిగ్రహం గూర్చి ఇంకొక్క మాట. దానిని మలచిన శిల రాజధానిది కాదు. భువనగిరి సమీపాన గల రాయగిరి కొండది. ఆ ప్రాంతం నుండి ఉప్పల్ మీదుగా వచ్చే విద్యార్థులు తమ కొండరాతిని చూచుటకే ఇంత దూరం వచ్చి, దాని ముందు నిలిచి చిత్రం తీసుకొని వెళుతున్నారు. ఊరి కొండను మాత్రం ఎవరూ చిత్రించరు. ఈ సంగతి ముందుగా చెప్పి తీసికొనివచ్చినచో, ఆ పిల్లలు విగ్రహాన్ని చూచే చూపే వేరుగా ఉండగలదు.

నగరద్వారం వద్దనే ఛాయాచిత్రం గురించి రెండు పాఠాలు చెప్పగల చోట్లు ఉన్నవి. మొదటిది ఉప్పల్‌లో 1967లో సర్వే ఆఫ్ ఇండియా వారు నెలకొల్పిన శిక్షణ సంస్థ. విమానం నుండి తీసిన చిత్రాల సాయంతో భూమిని కొలిచి పటాలు తయారుచేసే విద్య సర్వే శాస్త్రంలో ముఖ్యభాగం. ఆ విద్యలో ఒక్క చిత్రం చాలదు. విమానం సాగిపోవుచుండగా తీసిన వరుస చిత్రాలలో ఒకదానిలోని నేల సగానికి పైగా రెండవదానిలోను కనబడవలెను. ఆ రెంటిని ప్రత్యేకమైన కటకాల గుండా ఒకేసారి చూచినప్పుడు గుట్టలు పైకి లేచినట్లు, లోయలు క్రిందికి దిగినట్లు తోచును. ఎంత ఎత్తున ఎగురుచు తీసినది, ఏ కటకంతో తీసినది తెలిసినప్పుడే దూరాలు లెక్కకు వస్తాయి. రెండు చోట్ల నుండి చూడనిది లోతు తెలియదు. వివరం వ్రాసి ఉంచనిది కొలతకు అందదు. ఈ నియమం విమానాలకే కాదు, విహారయాత్రకును వర్తిస్తుంది.

రెండవది నాచారం. అక్కడ ఎన్.టి. రామారావుగారు 1970వ దశకంలో రామకృష్ణ స్టూడియోను నిర్మించినారు. సినిమా స్టూడియోలో రాజప్రాసాదమంటే కొయ్య, గుడ్డ, రంగు. కెమెరాకు కనబడే ముందుభాగమే ఉంటుంది. వెనుకకు పోయి చూచినచో గుంజలు, త్రాళ్ళు. అది మోసం కాదు, కళ. కాని ఏది చూపవలెనో, ఏది చూపరాదో కెమెరా వెనుకనున్నవాడే నిర్ణయిస్తాడన్న సత్యాన్ని అంతకంటె చక్కగా బోధించే పాఠశాల లేదు. చార్మినారు ప్రక్కనున్న లాడ్‌బజారు గాజుల దుకాణాలను, తోపుడుబండ్లను, జనసమ్మర్దాన్ని తొలగించి కట్టడాన్ని ఒంటరిగా నిలబెట్టే యాత్రికుడు కూడ తెలియకయే ఒక సెట్టింగు వేస్తున్నాడు.

ఇక ఉప్పల్, నాచారములను చిత్రించువారెవరు? ఆ దారిన పోయే బస్సులలో ఎవరూ దిగరు. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007లో మహానగరపాలక సంస్థలో కలిసినది. అంతర్జాతీయ క్రికెట్ మైదానం వచ్చినది. 2017 నవంబరులో మెట్రోరైలు వచ్చినది. నాచారం పారిశ్రామికవాడ చుట్టును జనావాసాలు పెరిగినవి. ఊరు నగరమైపోయిన ఈ మార్పు అక్కడి వృద్ధుల జ్ఞాపకాలలో ఉన్నది. చిత్రాలలో ఉన్నది స్వల్పం. నాచారంలో పెరిగిన బాలుని వద్ద చార్మినారు చిత్రాలు ఇరవై ఉండవచ్చును. తన వీధి చిత్రం ఒక్కటైన ఉండకపోవచ్చును. చార్మినారును రేపును తీయవచ్చు, ఎల్లుండియు తీయవచ్చు. ఆ వీధిలో పడగొట్టబోయే పెంకుటింటిని మాత్రం రేపు తీయుటకు వీలుండదు.

దీనికి పెద్ద ఖర్చు గాని, ఖరీదైన సాధనాలు గాని అక్కరలేదు. యాత్రకు ముందు ప్రతి విద్యార్థికి ఒక్కొక్క ప్రశ్న ఇవ్వవచ్చును: గడియారం ఏ వైపు గోడపై ఎంత ఎత్తున ఉన్నది? గోలకొండ గోడలో రాళ్ళను ఎట్లు పేర్చినారు? కట్టడం చేరిన పిమ్మట మొదటి పది నిమిషాలు కెమెరా బయటికి తీయరాదని నియమం పెట్టవచ్చును. ఆ తరువాత ఒకరు దగ్గర నుండి, ఒకరు దూరం నుండి, ఒకరు ప్రక్క నుండి తీయవలెను. పాఠశాలకు తిరిగివచ్చిన మరునాడు ఒక్కొక్కరు ఒక్క చిత్రాన్నే ఎన్నుకొని, అచ్చువేయించి, దాని వెనుక తేదీ, వేళ, నిలిచిన చోటు, చూచిన దిక్కు, ఆ చిత్రంలో పడని విశేషమొకటి వ్రాయవలెను.

ఆ చిత్రాల పుస్తకంలో రాజధానికి సగం పుటలు, సొంత ఊరికి సగం పుటలు కేటాయించినచో అది ఏటేటా పెరిగే పాఠ్యగ్రంథమవుతుంది. పదేండ్ల తరువాత వచ్చే పిల్లలు అదే చోట నిలిచి, అదే దిక్కుకు చూచి మరియొక చిత్రం తీసి, రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని ఏది మిగిలినదో, ఏది పోయినదో లెక్క వేసుకొనగలరు.