చాటలో తంబాకు, చేతిలో అన్నం

గోదావరికి ఈవల బాసర, ముధోల్. ఆవల నిజామాబాద్. ఈ వైపు ఊళ్లలో మధ్యాహ్నం వేళ అరుగుల మీద ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. తడిపిన తునికాకును కొలతకు కత్తిరిస్తారు. చిటికెడు తంబాకు పోస్తారు. చుట్టి దారం కడతారు.

బీడీ తాగితే హాని అని కట్ట మీదే ఉంటుంది. మరి చుట్టేవాళ్ల సంగతి? కాలకముందు పొగాకు ఏం చేస్తుంది?

ఒక్కో బీడీలో పొగాకు సుమారు 0.2 గ్రాములు. అంటే 1,000 బీడీలు చుట్టేసరికి దాదాపు 200 గ్రాములు వేళ్ల మధ్య నుంచి పోతుంది. అది ఒంట్లోకి చేరే దారులు మూడు.

మొదటిది ముక్కు. తంబాకు కలిపినప్పుడు, చాట దులిపినప్పుడు దుమ్ము లేస్తుంది. కంటికి కనిపించే నలుసులు చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. తుమ్ము, దగ్గు వాటిని బయటికి తోసే పనే. 2.5 మైక్రాన్ల లోపు కణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రం గాలిలో ఎక్కువసేపు తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. ఏళ్ల తరబడి ఇలా సాగితే దగ్గు, ఆయాసం వదలవు.

రెండోది చర్మం. నికోటిన్ (పొగాకులోని మత్తు పదార్థం) నీటిలో కరుగుతుంది. ఆకు తడి, చేతుల చెమట దానికి తోవ చూపిస్తాయి. తలనొప్పి, వికారం రావచ్చు. గర్భిణి రక్తంలో చేరిన నికోటిన్ కడుపులోని బిడ్డకూ అందుతుంది.

మూడోది నోరు. గోళ్ల సందుల్లో ఉన్న పొడి అన్నం ముద్దతో లోపలికి పోతుంది. పొగాకులో ఉండే ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే నైట్రోసమైన్లను (పొగాకు ఆరబెట్టి, మాగబెట్టేటప్పుడు పుట్టే రసాయనాలు) ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కారకాలుగా గుర్తించింది. తాగేవాళ్లకూ చుట్టేవాళ్లకూ ముప్పు ఒకే మోతాదులో ఉండదు. ఎంత చేరింది, ఎన్నేళ్లు చేరింది అన్నదే లెక్క.

బీడీ కార్ఖానాలో గాలి, వెలుతురు, శుభ్రత ఉండాలని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం చెప్పింది. కానీ పని ఇంట్లో సాగుతోంది. పక్కనే పొయ్యి, ఉయ్యాలలో పసిపిల్ల. దుమ్ము అందరిదీ అవుతుంది.

చేయగలిగినవి ఉన్నాయి. చాటను ఇంటి బయట, గాలివాలుకు దులపాలి. చుట్టిన చోట చీపురు పెడితే దుమ్ము మళ్లీ లేస్తుంది కాబట్టి తడిగుడ్డతో తుడవాలి. తంబాకును వంటసామాను దగ్గర పెట్టవద్దు. అన్నం ముట్టుకునే ముందు, బిడ్డను ఎత్తుకునే ముందు గోళ్ల దాకా చేతులు సబ్బుతో కడగాలి. ముక్కుకు చుట్టిన కొంగు పెద్ద నలుసులను ఆపుతుంది. సన్నవాటిని అంతగా ఆపలేదు.

చెప్పినంత తేలిక కాదు ఇది. కూలి వెయ్యికి ఇంత అని కడతారు. చేతులు కడగడానికి లేచిన ప్రతిసారీ నాలుగు బీడీలు తగ్గుతాయి. జాగ్రత్త తప్పేది ఎక్కువగా తెలియక కాదు, ఆ నాలుగు బీడీల కోసం.