ఒక ఫోల్డరు, ఒక స్క్రిప్టు

బ్లాగు మొదలుపెట్టేటప్పుడు ప్రోగ్రామర్లకు ఉండే హుషారు రాసేటప్పుడు ఉండదు. నా తోటివాళ్ల సైట్లు తెరిస్తే చాలావాటిలో రెండే టపాలు కనిపిస్తాయి. మొదటిది, ‘నేనూ బ్లాగు మొదలుపెట్టాను’. రెండోది, ఏడాది పోయాక, ‘నా బ్లాగును కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాను’. ఆ పైన ఏమీ ఉండదు. పనిముట్ల మీద మనకున్న మోజు అలాంటిది.

నేను హైదరాబాద్‌లో డేటాబేసుల పని చేస్తాను. ఆ పనిలో ఎదురైన సంగతులు తెలుగులో రాసి నా సైటులో పెడుతుంటాను. ఇన్నేళ్లుగా అది ఆగలేదంటే అందులో నా క్రమశిక్షణ ఏమీ లేదు. దాని వెనకున్న సాఫ్ట్‌వేర్‌లో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు, అంతే.

బ్లాగు అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్. మనం రాసింది అది డేటాబేసులో దాస్తుంది. పాఠకుడు లింకు నొక్కగానే మామూలుగా ఒక పీహెచ్‌పీ ప్రోగ్రాం లేచి, డేటాబేసును అడిగి, శీర్షిక, వ్యాసం, పక్కన పట్టీలు అన్నీ కలిపి పేజీ కట్టి పంపుతుంది. టిఫిన్ సెంటర్లో దోశలాగా, ఎవరడిగితే వాళ్లకు అప్పటికప్పుడు. అమ్మకాలు జరిపే సైటుకు ఆ హంగు కావాలి. ఎప్పుడో ఒకటి రాసే నాబోటివాడు పెనం ఎప్పుడూ వేడిగా ఉంచడం దండగ. పైగా పీహెచ్‌పీకి, డేటాబేసుకు, ప్లగిన్లకు అప్‌డేట్లు వేస్తూనే ఉండాలి. వదిలేస్తే ఎవడో దూరి మన సైటు నిండా జూదం ప్రకటనలు అంటిస్తాడు.

రెండో పద్ధతిలో పేజీలు ముందే తయారై ఉంటాయి. రాసింది మారినప్పుడే మళ్లీ తయారు చేస్తాం. సర్వర్ పని ఫైలు తీసి ఇవ్వడమే. వీటిని స్టాటిక్ సైట్లు అంటారు. గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2008లో జెకిల్ అనే సాధనం విడుదల చేశాక ప్రోగ్రామర్లలో ఈ పద్ధతి బాగా పాకింది. తర్వాత హ్యూగో లాంటివి వచ్చాయి. నిజానికి వెబ్ పుట్టిందే ఇలా. టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసిన మొట్టమొదటి సైటుకు 1992 నాటి ప్రతి ఒకటి దొరికితే, సెర్న్ సంస్థ 2013లో దాన్ని పాత చిరునామాలోనే తిరిగి పెట్టింది. ఇవాళ్టి ఫోన్లో కూడా అది ఇబ్బంది లేకుండా తెరుచుకుంటుంది.

నా ఏర్పాటు జెకిల్ కన్నా చిన్నది. ఒక ఫోల్డరు, అందులో టపాకో టెక్స్ట్ ఫైలు. రాసేది మార్క్‌డౌన్‌లో. శీర్షిక ముందు హాష్ గుర్తు, ఒత్తి చెప్పాల్సిన మాటకు అటూ ఇటూ నక్షత్రాలు పెట్టే ఈ పద్ధతిని 2004లో జాన్ గ్రూబర్ తెచ్చాడు. ఆరన్ స్వార్ట్జ్ కూడా అందులో చెయ్యి వేశాడు. పక్కనే ఒక పైథాన్ స్క్రిప్టు. అది ఫైళ్లను వరసగా తెరిచి, ఒక లైబ్రరీ సాయంతో హెచ్‌టీఎంఎల్‌గా మార్చి, తేదీ తగిలించి వేరే ఫోల్డరులో పెడుతుంది. చివర్లో విషయసూచిక, ఆరెస్సెస్ ఫీడు రాస్తుంది. గూగుల్ రీడర్ 2013లో మూతపడ్డప్పుడు ఆరెస్సెస్ పని అయిపోయిందన్నారు. శ్రద్ధగా చదివేవాళ్లు ఇప్పటికీ అటునుంచే వస్తున్నారు. తయారైన ఫోల్డరును ఆర్‌సింక్ కమాండుతో సర్వర్‌కు పంపిస్తాను. పాత ప్రతులు గిట్‌లో ఉంటాయి.

తెలుగులో రాసేవాడికి చిక్కులు కొన్ని అదనం. ఫైలు పేరే పేజీ చిరునామా అవుతుంది. ముచ్చటపడి ‘తెలుగు’ అని పేరు పెట్టామనుకోండి, యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు. చిరునామాలోకి వెళ్లేసరికి ఒక్కో బైటు ఒక శాతం గుర్తుగా, దాని వెంట రెండు అక్షరాలుగా మారుతుంది. వెరసి ఒక్క మాటకు 54 అక్షరాలు! ఆ లింకు ఎవరికైనా పంపితే మోసపు లింకేమోనని నొక్కరు. అందుకే నా ఫైళ్ల పేర్లన్నీ రోమన్ లిపిలో, పొట్టిగా ఉంటాయి. భాషాభిమానులు కోప్పడితే కోప్పడనీ.

‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద వ వత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని సంకేతం ఒకటి ఉంటుంది. దాన్ని ఒకచోట పెట్టి ఇంకోచోట వదిలేస్తే, కంప్యూటర్ లెక్కలో అవి రెండు వేర్వేరు మాటలు. వెతికితే సగం టపాలు దొరకవు. నా స్క్రిప్టు అలాంటి చోట్లు పట్టి చూపిస్తుంది. సొంత స్క్రిప్టు వల్ల నాకు దక్కిన పెద్ద లాభం ఇదే.

ఈ స్క్రిప్టు రేపు పాడైనా నాకు బెంగలేదు. మరొకటి రాసుకోవచ్చు. రాతలు నా దగ్గర మామూలు టెక్స్టుగా ఉండటమే ముఖ్యం. యాహూ 2009లో జియోసిటీస్‌ను మూసేసినప్పుడు లక్షల సొంత పేజీలు పోయాయి. మన పత్రికల సంగతీ గుర్తుంది కదా. తొలినాళ్లలో వెబ్‌లో ఎవరి ఫాంటు వారిది. ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా అర్థంలేని రోమన్ అక్షరాలే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే ప్రత్యేకమైన యాడాన్ రావాల్సి వచ్చింది.

ఇక ఏం రాయాలంటారా? మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ‘యూటీఎఫ్8’ అని చాలాకాలంగా ఉన్న అమరిక ఒక్కో అక్షరానికి 3 బైట్ల దాకే ఒప్పుకుంటుంది. తెలుగు అందులో హాయిగా పడుతుంది కాబట్టి మన పరీక్షలన్నీ పాసవుతాయి. ఎవరో పేరు పక్కన నవ్వు బొమ్మ ఒకటి పెడతారు. దానికి 4 బైట్లు కావాలి, డేటాబేసు మొరాయిస్తుంది. ‘యూటీఎఫ్8ఎంబీ4’కు మారితే తీరిపోతుంది. ఇంతే ఒక టపా. ఇలాంటిది తెలుగులో దొరికితే కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఓ పూట కలిసొస్తుంది.

ఈ పద్ధతిలో కొన్ని వదులుకోవాలి. ఫోన్లోంచి టపా వేయడం కష్టం. ఎంతమంది చూశారో లెక్క ఉండదు, అది లేకపోవడమే నయం. మీరూ మొదలుపెట్టాలనుకుంటే థీము, డొమైను, లోగో అన్నీ పక్కన పెట్టండి. గిట్‌హబ్ పేజెస్ ఉచితమే, ప్రస్తుతానికి దాంతో కానివ్వండి. ఈ వారం మిమ్మల్ని ఎక్కువసేపు ఏడిపించిన ఎర్రర్ సందేశాన్ని ఉన్నదున్నట్టు మొదటి లైన్లో పెట్టి, మీరు ప్రయత్నించినవీ చివరికి పనిచేసిందీ కింద రాసి, ఈ రాత్రికే ఎక్కించండి.