ఫోన్ నంబరు పాస్‌వర్డ్ కాదండీ

తెనాలిలో ఒకప్పుడు కేబుల్ టీవీ వైర్లు లాగాను, ఇప్పుడు ఇంటింటికీ ఫైబర్ లాగుతున్నాను. బాక్సు గోడకి బిగించి, ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చాక, "వైఫైకి పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారండీ?" అని అడుగుతాను. ఎక్కువమంది చెప్పేది ఒకటే: "నా సెల్ నంబరు పెట్టెయ్ బాబూ, మర్చిపోయే పనుండదు." వైఫై పేరేమో ఇంటిపేరు. ఇంక దాచిందేముంది? ఆ నంబరు పాలవాడి దగ్గరుంది, గ్యాసు బుక్కు మీదుంది, అమ్మాయి శుభలేఖ మీద అచ్చయి ఊరంతా తిరిగింది.

తెలిసినవాళ్ల సంగతి అలా ఉంచండి. ముక్కూమొహం తెలియనివాడికి కూడా ఆ నంబరు దొరకబుచ్చుకోవడం కష్టం కాదు. మీ ఫోను వైఫైకి కలిసేటప్పుడు అదీ, బాక్సూ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి నాలుగు ముక్కలు మాట్లాడుకుంటాయి. అందులో పాస్‌వర్డ్ నేరుగా ఉండదు, దాన్నుంచి లెక్కగట్టిన గుర్తు ఉంటుంది. రోడ్డు మీద ల్యాప్‌టాప్‌తో నిలబడ్డవాడు ఆ ముక్కల్ని రికార్డు చేసుకుని, ఇంటికి పోయి, తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డూ వేసి సరిపోతుందేమో చూసుకోవచ్చు. మూడుసార్లు తప్పయితే ఆపేయడానికి అదేమీ ఏటీఎం కాదు. మీ బాక్సుకి ఆ సంగతే తెలియదు.

మన సెల్ నంబరుకి పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఏదో ఒకటి. మొత్తం కలిపితే 400 కోట్లు. వినడానికి పెద్ద అంకే. కానీ గేములాడే కుర్రాళ్లు కంప్యూటర్లో వేయించుకునే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు సెకనుకి పది లక్షలకి పైగా పాస్‌వర్డులు పరీక్షిస్తుంది. అంటే దాదాపు గంట పని. మీది 9440తోనో 9848తోనో మొదలయ్యే పాత నంబరై ఉంటుందని ఊహించినవాడికి రెండు సెకన్లు చాలు.

ఒక రిటైర్డ్ మాస్టారికి ఈ లెక్క చెబితే నవ్వేశారు. "దొరికితే దొరకనీవయ్యా. అన్‌లిమిటెడ్ ప్లానేగా, ఎవడో రెండు రీల్స్ చూసుకుంటాడు."

నెట్టు తరిగిపోతుందని కాదు మాస్టారూ, అన్నాను. మీ వైఫైలోంచి ఎవరేం పంపినా మీ కనెక్షన్ ఐపీ అడ్రసుతోనే బయటికి పోతుంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి నిమిషాల ముందు టీవీ ఛానళ్లకి ఒక ఈమెయిలు వచ్చింది. పోలీసులు ఐపీ అడ్రసు పట్టుకుని వెళితే నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాటు తేలింది. ఆయన వైఫైని బయటివాళ్లు వాడుకున్నారని తర్వాత తెలిసింది. తర్వాత తెలిసింది, సరే. ముందు కంప్యూటర్లు పట్టుకుపోయిందీ, ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగిందీ ఆయన్నే.

మాస్టారు కళ్లజోడు తగిలించుకుని, "అయితే ఏం పెట్టమంటావు?" అన్నారు.

ఒకదానికొకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలు చాలు. గోంగూర, రిక్షా, నిచ్చెన, మంగళవారం, ఇలాంటివి. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు, పొదుపు అక్కర్లేదు. దేవుడి పేరు పక్కన 123, మనవరాలి పేరు పక్కన పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు, అలాంటివే ముందు ప్రయత్నిస్తారు. నేను చెప్పిన నాలుగూ కూడా వద్దు, పత్రికలో అచ్చయ్యాయిగా! మాస్టారు నన్ను అటు తిరగమని మరీ టైపు చేసుకున్నారు.

రెండో పాస్‌వర్డు సంగతి చాలామందికి తెలియదు. బాక్సుకి లోపలి పేజీ ఒకటుంటుంది. వైఫైలో ఉండి బ్రౌజర్లో 192.168.1.1 అని కొడితే చాలా బాక్సుల్లో అది తెరుచుకుంటుంది. చాలావాటికి యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. మా లైనులోనే కొందరు తమకి గుర్తుండాలని వీధి మొత్తానికి ఒకే పాస్‌వర్డు పెట్టేస్తారు, అది ఇంకా ఘోరం. ఆ పేజీలోకి దూరినవాడు, మీరు ఒక సైటు పేరు కొడితే ఇంకో సైటుకి పంపేలా మార్చగలడు. 2016లో మిరాయ్ అనే వైరస్ చేసింది పెద్ద గారడీ ఏం కాదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై దాకా దగ్గర పెట్టుకుని, లక్షల కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరింది. ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి అందకుండా పోయాయంటే అలాంటి పరికరాల మందే కారణం.

అదే పేజీలో డబ్ల్యూపీఎస్ అని, పాస్‌వర్డ్ బదులు పిన్‌తో కలిపే దారి ఉంటే ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలే అయినా, చివరిది మిగతా వాటి లెక్కతో వచ్చేది. పైగా బాక్సు మొదటి నాలుగూ, తర్వాతి మూడూ విడివిడిగా సరిచూస్తుంది. అందుకే 11,000 ప్రయత్నాల్లో తేలిపోతుంది. ఈ లోపం బయటపడింది 2011లో. సెక్యూరిటీ అని ఉన్నచోట డబ్ల్యూపీఏ3 ఉంటే అది పెట్టండి. రికార్డు చేసుకుపోయి ఇంట్లో ఊహించే ఆట దాని దగ్గర సాగదు. పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2 చాలు, పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంటే. వెప్ అనేది కనిపిస్తే ఆ బాక్సే మార్పించండి, అది 2001 నాటికే బద్దలైంది. వైఫై పేరు దాచిపెట్టమని యూట్యూబులో చెప్పేవాళ్ల మాట వినకండి, వెతికేవాడికి అది ఎలాగైనా కనిపిస్తుంది.

సంక్రాంతికి వచ్చే చుట్టాలకి గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి ఇవ్వండి. టీవీనీ, గుమ్మం మీది కెమెరానీ కూడా అందులోనే ఉంచితే మేలు.

ఇవన్నీ మీరే చేసుకోనక్కర్లేదు. ఈసారి మా కుర్రాడు వచ్చినప్పుడు రెండు పాస్‌వర్డులూ మీ ఎదురుగా మార్పించి, చీటీ మీద రాసుకుని బీరువాలో పెట్టుకోండి. "కంపెనీ ఒప్పుకోదండీ" అంటే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగండి.