హాప్స్ బేరంలో చూడవలసింది కిలో ధర కాదు, చేదు ధర
(మా వాణిజ్య విలేఖరి)

రుషికొండ: గుంటూరు యార్డులో మిర్చి కొనే వర్తకుడు తేజ రకాన్ని కారం కోసం, బ్యాడిగ రకాన్ని రంగు కోసం వేర్వేరుగా బేరమాడతాడు. రెండూ మిర్చే గదా అని ఒకే లెక్కన కొన్నవాడికి ఒక్క సీజనులోనే కళ్లు తెరుచుకుంటాయి. బీరు తయారీలో వాడే హాప్స్ సంగతి కూడా అటువంటిదే. చేదు కోసం కొనే రకాలు వేరు, వాసన కోసం కొనే రకాలు వేరు. ఈ తేడా తెలియక, కిలో ధర ఒక్కటే చూసి సరుకు తెప్పించుకుంటే చౌక బేరమే నష్టపు బేరం కాగలదు.

రుషికొండ ఐ.టి. కొండల మీద పనిచేసేవారిలో అమెరికా వెళ్లి వచ్చినవారికి ఇంట్లో తయారుచేసుకునే బీరు కొత్త కాదు. 1978లో చేసిన చట్టం ప్రకారం అక్కడ ఒక వయోజనుడు ఏడాదికి వంద గ్యాలన్ల వరకు సొంతానికి తయారుచేసుకోవచ్చు. మన రాష్ట్రంలో అది కుదరదు. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం. కనుక ఇంటి లాగర్ ముచ్చట అమెరికాలో ఉన్న మన పిల్లలకే పరిమితం. అయితే హాప్స్ ఎంపికలో వారు వేసుకునే ఇరవై లీటర్ల లెక్కే ఇక్కడి లైసెన్సుదారులకూ వర్తిస్తుంది. శ్రీకాకుళం జిల్లా బంటుపల్లిలోని పెద్ద కర్మాగారం కానీ, 2015లో నిబంధనలు వచ్చిన తర్వాత తెలంగాణలో వెలసిన చిన్న తయారీశాలలు కానీ కొనేది ఈ సరుకునే. వారికి సరఫరా చేయదలచిన వర్తకుడు ముందు ఆ చిన్న కుండ లెక్క అర్థం చేసుకోవాలి.

సరుకు ఏమిటి?

హాప్స్ ఒక తీగమొక్క. ఆడమొక్కల పువ్వులే సరుకు. రేకుల మొదట్లో పసుపుపచ్చని జిగురు పొడి ఉంటుంది. దాన్ని లుపులిన్ అంటారు. విలువంతా అందులోనే ఉన్నది. దానిలోని ఆల్ఫా ఆమ్లాలు బీరుకు చేదునిస్తాయి, నూనెలు వాసననిస్తాయి. ఆల్ఫా ఆమ్లాలు మాల్టు కషాయంలో గంటసేపు మరిగితే తప్ప సరిగా చేదెక్కవు. నూనెల తీరు ఇందుకు విరుద్ధం. అవి మరిగినకొద్దీ ఆవిరైపోతాయి. అందుచేత చేదు హాప్స్ మరుగు మొదలయ్యేటప్పుడు, వాసన హాప్స్ చివర దించబోయే ముందు వేస్తారు.

ఐరోపా, అమెరికాలలో ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు వరకు కోత జరుగుతుంది. కోసిన పువ్వును పదిశాతం తేమ వరకు ఆరబెట్టి, పొడిచేసి, గుళికలుగా ఒత్తుతారు. మార్కెట్లో ఎక్కువగా నడిచేది ‘టైప్ 90’ గుళిక. వంద కిలోల పువ్వు నుంచి సుమారు తొంభై కిలోల గుళికలు వస్తాయన్న లెక్క మీద ఆ పేరు వచ్చింది. గుళికలు గాక సారం రూపంలోనూ అమ్ముతారు. కస్టమ్స్ పట్టికలో పువ్వు, గుళికలు 1210 శీర్షిక కింద, సారం 1302 కింద వస్తాయి. కాగితాలు తయారుచేసే ఏజెంట్లు ఈ తేడా గమనించాలి.

ఇరవై లీటర్ల లెక్క

బీరు చేదును ఐ.బి.యు. అనే కొలతతో చెబుతారు. లీటరు బీరులో సుమారు ఒక మిల్లీగ్రాము చేదు పదార్థం ఉంటే ఒక ఐ.బి.యు. ఇరవై లీటర్ల లాగర్‌కు పాతిక ఐ.బి.యు. కావాలనుకుందాం. అంటే బీరులో 500 మిల్లీగ్రాముల చేదు మిగలాలి. గంటసేపు మరిగించినా వేసిన ఆల్ఫాలో నాలుగో వంతే బీరులోకి దిగుతుంది. కనుక వేయవలసిన ఆల్ఫా రెండు గ్రాములు. నాలుగు శాతం ఆల్ఫా ఉన్న రకమైతే 50 గ్రాముల హాప్స్ పడతాయి. పన్నెండు శాతం ఉన్న రకమైతే 17 గ్రాములు చాలు.

ఇప్పుడు ధర సంగతి. కేవలం ఉదాహరణకు, నాలుగు శాతం సరుకు కిలో రెండు వేలు, పన్నెండు శాతం సరుకు కిలో మూడు వేలు అనుకుందాం. పైకి మొదటిదే చౌక. కానీ మొదటి కిలోలో ఆల్ఫా 40 గ్రాములు, రెండవ కిలోలో 120 గ్రాములు. గ్రాము ఆల్ఫా ధర మొదటిదానిలో యాభై రూపాయలు, రెండవదానిలో పాతిక. చేదు కోసమే కొనేవాడికి చౌకగా కనిపించిన సరుకు రెట్టింపు ఖరీదు పడిందన్నమాట. నిజామాబాద్‌లో పసుపు కొనే ఎగుమతిదారుడు కర్కుమిన్ శాతం అడిగేది ఇందుకే.

లాగర్‌కు ఏ రకం?

అయితే ఈ లెక్క ఒక్కటే చూసి అంతా ఆల్ఫా హెచ్చుగల రకమే కొంటే లాగర్ కుదరదు. లాగర్‌ను చల్లగా, 8 నుంచి 13 డిగ్రీల మధ్య పులియబెట్టి, ఆపైన వారాల తరబడి శీతలంలో ఉంచుతారు. అందువల్ల రుచి తేటగా వస్తుంది. మసాలా తక్కువైన కూరలో ఉప్పు తేడా వెంటనే తెలిసినట్లు, తేట లాగర్‌లో హాప్స్ లోపం దాగదు.

సంప్రదాయ లాగర్ రకాలు నాలుగు: చెక్ దేశపు సాజ్, జర్మనీకి చెందిన హల్లర్టౌ మిట్టెల్‌ఫ్రూ, టెట్నాంగ్, స్పాల్ట్. వీటి ఆల్ఫా మూడు నుంచి అయిదు శాతం దరిదాపుల్లో ఉంటుంది. వీటిని కొనేది పూలను, మూలికలను గుర్తుచేసే మెత్తని వాసన కోసం. 1842లో ప్లజెన్ పట్టణంలో పుట్టిన బంగారు రంగు లాగర్‌కు పేరు తెచ్చినది సాజ్ రకమే. చేదు కోసమైతే జర్మనీ మాగ్నమ్ రకం ఉన్నది. ఆల్ఫా 11 నుంచి 16 శాతం ఉన్నా చేదు ముతకగా ఉండదు. అమెరికా కాస్కేడ్, సిట్రా రకాల నిమ్మ, నారింజ జాతి వాసనకు వేరే తరహా బీర్లలో గిరాకీ ఉన్నది గానీ, సంప్రదాయ లాగర్‌లో అది పొసగదు.

పొదుపు చూసుకునేవారు రెండూ కలుపుతారు. పన్నెండు శాతం మాగ్నమ్ 13 గ్రాములు మొదట్లో వేస్తే సుమారు ఇరవై ఐ.బి.యు. వస్తుంది. నాలుగు శాతం సాజ్ 25 గ్రాములు చివరి పది నిమిషాల్లో వేస్తే మరో నాలుగైదు కలుస్తుంది. మొత్తం పాతికకు దగ్గర. యాభై గ్రాముల సాజ్‌తో చేసే పని 38 గ్రాములతో అయింది, వాసనా దక్కింది.

గోదాములో కరిగే సరుకు

సముద్రపు గాలి, ఉక్క ఉన్న మన తీరంలో అసలు ప్రమాదం నిల్వలో ఉన్నది. హాప్స్‌కు వేడి, గాలి, వెలుతురు మూడూ శత్రువులే. ఇరవై డిగ్రీల వద్ద ఆరు నెలలు విడిగా ఉంచితే సాజ్ రకం పువ్వులో ఆల్ఫా దాదాపు సగం పోతుంది. మాగ్నమ్‌లో సుమారు అయిదింట నాలుగు వంతులు నిలుస్తుంది. మన గోదాముల్లో ఇరవై డిగ్రీలు ఎక్కడివి? వేసవిలో నష్టం వేగం ఇంకా హెచ్చుగా ఉంటుంది.

నాలుగు శాతం సాజ్ వంద కిలోలు కొన్నవాడు నాలుగు కిలోల ఆల్ఫాకు సొమ్ము చెల్లించినట్లు. అది రెండు శాతానికి దిగితే మిగిలేది రెండు కిలోలు. కాటాలో తూకం మాత్రం వంద కిలోలే చూపిస్తుంది. తయారీదారు 50 గ్రాముల చోట 100 గ్రాములు వేసి చేదును సరిపెట్టుకోవచ్చు, వాసనను సరిపెట్టుకోలేడు. పాతబడిన హాప్స్‌కు మురిగిన జున్ను కంపు వస్తుంది. తేట లాగర్‌లో అది ముందుగా బయటపడుతుంది. అందుకే గాలి తీసి, నత్రజని నింపిన సంచుల్లో, శీతల గిడ్డంగిలో ఉంచవలసి ఉంటుంది. గుంటూరు వర్తకులకు ఏ.సి. సరుకు, నాన్ ఏ.సి. సరుకు తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడా రూలు అదే. రేవులో దిగిన పెట్టె ఎండలో ఎన్నాళ్లు నిలిచిందన్నది కూడా ధరలో భాగమే.

పంట తగ్గితే, మిగిలితే

పెద్ద కంపెనీలు కొన్నేళ్ల ముందే ఒప్పందాలు చేసుకుంటాయి. ఒప్పందాలు పోగా మిగిలినదే చిల్లర కొనుగోలుదారుకు దక్కుతుంది. పంట దెబ్బతిన్న ఏడు ముందుగా ఇబ్బంది పడేదీ అతడే. 2021లో ఎనిమిది వేల టన్నులు దాటిన చెక్ పంట, వేడి, వర్షాభావం కారణంగా 2022లో సుమారు నాలుగున్నర వేల టన్నులకు పడిపోయింది. ఇందుకు భిన్నంగా అమెరికాలో నిల్వలు పేరుకుపోవడంతో 2021లో అరవై వేల ఎకరాలున్న సాగు 2024 నాటికి నలభై అయిదు వేల ఎకరాలకు తగ్గింది. నిల్వలు పేరుకున్నప్పుడే పాత పంట సగం ధరకు వస్తుంది. మన వర్తకుడికి ఆశ పుట్టేదీ, అతడు జాగ్రత్తపడవలసిందీ అప్పుడే.

స్వదేశీ సరుకు మాటకొస్తే, హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో 1970ల నుంచి హాప్స్ పండించారు. కొనేవారు కొద్దిమందే కావడం, దిగుమతి గుళికల పోటీ వల్ల రైతులు చాలామంది బఠాణీ, కాలిఫ్లవర్‌లకు మళ్లారు. అరకులో కాఫీ, మిరియాలు పండుతున్నాయి కనుక హాప్స్ కూడా పండవచ్చునన్న మాటను నమ్మి పెట్టుబడి పెట్టడం తొందరపాటు. ఈ తీగ బాగా పూయాలంటే వేసవిలో పగళ్లు చాలా పొడుగ్గా ఉండాలి. మన అక్షాంశంలో అతి పొడుగు పగలు పదమూడు గంటలే.

బేరానికి ముందు

సంచి మీద రకం, పంట సంవత్సరం ఉన్నాయో లేదో చూడాలి. ఆల్ఫా శాతం తెలిపే ప్రయోగశాల పత్రం అడగాలి. ఆ పత్రం గుళిక చేసిన నాటిదా, రవాణాకు ముందుదా అన్నది ముఖ్యం. నిల్వ సూచిక అనే అంకె కూడా అందులో ఉంటుంది. అది 0.30 లోపు ఉంటే తాజా సరుకు, 0.50 దాటితే పాతబడినట్లే. ఎగుమతి దేశపు మొక్కల ఆరోగ్య పత్రం లేనిదే సరుకు రేవు దాటదు. చివరగా ఒక సంచి తెరిచి, నాలుగు గుళికలు అరచేతిలో నలిపి వాసన చూడాలి. ఆకుపచ్చ రంగు, ఘాటైన తాజా వాసన ఉంటే బేరం సాగించవచ్చు. గోధుమ రంగు, జున్ను కంపు ఉంటే ఎంత తగ్గించినా వదిలేయడమే లాభం.

అనకాపల్లి బెల్లం దిమ్మను చిదిపి, రంగు, రుచి చూసిన తర్వాతే ధర చెప్పే మన వర్తకులకు ఇది కొత్త విద్య కాదు. సరుకు కొత్తది, అంతే. కాటా చూపేది బరువు, పత్రం చూపేది విలువ. హాప్స్ వ్యాపారంలో డబ్బు చెల్లించవలసింది రెండవదానికే.