ప్రొద్దుటూరుకు అక్షరాలెన్ని? పైథాన్ లెక్క వేరు, మన లెక్క వేరు

ప్రొద్దుటూరు అనే పేరులో అక్షరాలు 4: ప్రొ, ద్దు, టూ, రు. పైథాన్‌ను అడిగితే 12 అంటుంది. జమ్మలమడుగు మనకు 6, దానికి 10. పులివెందుల మనకు 5, దానికి మళ్లీ 10. ఈ తేడా తెలియకుండా తెలుగు పేర్ల జాబితా మీద ఏ లైబ్రరీ నడిపినా ఎర్రర్ రాదు. తప్పు జవాబు మాత్రం నింపాదిగా వస్తుంది. ఎర్రర్ వస్తేనే నయం, కనీసం తెలిసేది.

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలు. అందులో గుణింతపు గుర్తుకొక నంబరు, పొల్లుకొక నంబరు. 'ప్రొ' రాయాలంటే ప, పొల్లు, ర, ఒత్వం కలిపి నాలుగు నంబర్లు కావాలి. అట్లా పేరు మొత్తానికి 12. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో నంబరుకు 3 బైట్లు పడతాయి కాబట్టి ఫైల్లో అదే పేరు 36 బైట్లు. 2020 జనవరి 1తో కాలం తీరిన పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ పొడవు అడిగితే వచ్చేది ఈ 36యే. ఒక్క ఊరికి మూడు కొలతలు: 4, 12, 36.

పైథాన్ లైబ్రరీలన్నీ ఉండే పైపీఐ 2003 నుంచి నడుస్తోంది. అక్కడి ప్యాకేజీలు 5 లక్షలు దాటాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో చదివే పిల్లలకు నంపై, పాండాస్ పేర్లు కొత్తేమీ కాదు. తెలుగు జాబితాల పనికి నేను ముందు చెప్పేవి మాత్రం వేరే ఉన్నాయి.

మొదటిది రీజెక్స్. పైథాన్‌తో పాటే 'ఆర్ఈ' అనే మాడ్యూల్ వస్తుంది కదా, మళ్లీ ఇదెందుకు? ఆర్ఈని పులివెందుల అన్న మాటను పదంగా పట్టుకోమంటే ప, ల, వ, ద, ల అని 5 ముక్కలు చేసి ఇస్తుంది. గుణింతపు గుర్తులు, సున్న దాని దృష్టిలో అక్షరాలు కావు. ఎదురైన చోటల్లా పదం అయిపోయిందనుకుంటుంది. ప్రొద్దుటూరు 6 ముక్కలు, జమ్మలమడుగు 3. వ్యాసంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ప్రాజెక్టు ఈ దెబ్బతో ఎందుకూ కొరగాకుండా పోతుంది. రీజెక్స్ పెట్టుకుంటే అదే సూత్రానికి మూడు ఊళ్లూ ఒక్కో పదంగా వస్తాయి.

అక్షరాలుగా విడగొట్టే గుర్తు కూడా రీజెక్స్‌లో ఉంది. కానీ అక్కడ వెర్షన్ చూసుకోవాలి. పాత యూనికోడ్ నియమం పొల్లు దగ్గర తెంచేది: ప్, రొ, ద్, దు, టూ, రు అని 6. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఒత్తుల్ని కలిపి ఉంచమంది. తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకూ ఆ నియమం వర్తిస్తుంది. దాన్ని పాటించే లైబ్రరీ అయితేనే 4 వస్తుంది. ఏది వాడినా ముందు మీ ఊరి పేరు ఇచ్చి చూడండి, అరనిమిషం పని.

రెండోదానికి డౌన్‌లోడ్ కూడా అక్కర్లేదు. యూనికోడ్‌డేటా పైథాన్‌లోనే ఉంది. మైదుకూరును తీసుకోండి. 'ఐ' గుణింతాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. మొదటి తీరులో పేరు పొడవు 8, రెండోదానిలో 9. తెర మీద రెండూ ఒకటే, పోల్చి చూస్తే మాత్రం కాదంటుంది. ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో ఏకరూపం చేస్తే రెండూ 8 అవుతాయి. బషీర్ లాంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కంటికి కనబడని జోడింపు నిరోధక గుర్తు ఒకటి ఒక్కోసారి అంటుకుని ఉంటుంది. అప్పుడు 5 కాస్తా 6. ఇది ఎన్ఎఫ్‌సీతో పోదు, చేత్తో తీసేయాల్సిందే.

మూడోది రాపిడ్‌ఫజ్. రెండు పేర్లు ఎంత దగ్గరో నూటికి మార్కులేస్తుంది. ప్రొద్దుటూరును జనం ప్రొద్దటూరు అంటారు, పొద్దుటూరు అనీ అంటారు. అసలు పేరుతో పోలిస్తే మొదటిదానికి 95.7, రెండోదానికి 90.9 వస్తాయి. అయితే 90 దాటితే ఒకటే అనుకుందామా? సుబ్బారెడ్డి, సుబ్బిరెడ్డి జంటకు వచ్చేది 91.7! ఒకే ఊరి రెండు రూపాలకన్నా ఇద్దరు వేరే మనుషులు ఎక్కువ దగ్గరయ్యారు. హద్దు 90 దగ్గర పెడితే మనుషులు కలిసిపోతారు, 92 దగ్గర పెడితే ఊరు రెండవుతుంది. అక్షరాలుగా విడగొట్టి ఇచ్చినా రెండు జంటలూ 75 దగ్గర సమానమవుతాయి. పేరు ఒక్కదానితో ఇది తేలదు. తండ్రి పేరు, డోరు నంబరు లాంటి ఇంకో కాలమ్ తోడు కావాలి. బంగారు అంగడి ఖాతాదారుల జాబితా అయితే మరీను.

ఈ ఊళ్లకు దగ్గర్లోనే, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో, 575 నాటి రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది. ఆనాటి శాసనాల్లో కనిపించే ఴ అనే అక్షరానికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2014లో. అదే పైథాన్‌కు ౫౭౫ అని తెలుగు అంకెలిచ్చి సంఖ్యగా మార్చమనండి, తడుముకోకుండా 575 అంటుంది. అందుకు ఏ లైబ్రరీ అక్కర్లేదు.

వ్యాకరణం దగ్గరికొస్తే లెక్కలు చిన్నబోతాయి. వాక్యాన్ని కర్త, కర్మ, క్రియలుగా విడదీసే స్టాంజా అనే స్టాన్‌ఫోర్డ్ లైబ్రరీ తెలుగునూ చేర్చుకుంది. అది తెలుగు నేర్చుకున్న గుర్తులు పెట్టిన పాఠంలో ఉన్నవి 1,328 వాక్యాలు, 6,465 మాటలు. హిందీకి ఉన్న పెద్ద పాఠంలో వాక్యాలు 16,647. పైగా తెలుగు వాక్యాల్లో చాలావరకు భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో వెలువరించిన వ్యాకరణ గ్రంథంలోని ఉదాహరణలు. అంటే పొందికైన పొట్టి వాక్యాలు. జమ్మలమడుగు బస్టాండులో వినబడే మాటను ఇస్తే అది తడబడడంలో వింత లేదు. ఆ పాఠం అందరికీ తెరిచి ఉన్నదే. సీమ యాసలో వాక్యాలు రాసి, గుర్తులు పెట్టి, ఫైనలియర్ ప్రాజెక్టుగా చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.